రాబందులు ఎందుకు పోయాయో కనిపెట్టిన పశువుల డాక్టరు



ఇది కొంచెం పెద్ద పోస్టు. పత్తి ధర గురించి కాదు, యూరియా లైన్ల గురించీ కాదు. ఇప్పుడు టైం లేకపోతే రాత్రి తిని కూర్చున్నాక చదవండి. బర్రెలు, ఎద్దులు, గొర్రెలు ఉన్నోళ్లు మాత్రం వదిలెయ్యకండి.

మీలో నలభై ఐదు దాటినోళ్లను ఒకటి అడుగుతా. మన చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు చచ్చి పడితే ఏమయ్యేదో గుర్తుందా? తోలు తీసినాక అక్కడే వదిలేసి వచ్చేవాళ్లు. కాసేపటికి ఆకాశంలో చుక్కల్లాగ తిరిగేవి. ఒకటి దిగితే దాని వెనకాల ఇరవై దిగేవి. గంటలోపే ఎద్దంత ఎద్దు బొక్కలగూడు అయ్యేది. వాసన లేదు, పురుగు లేదు, కుక్కల గొడవ లేదు. బడి నుంచి వచ్చేటప్పుడు దూరంగా నిలబడి చూసేవాళ్లం. రాళ్లు వేస్తే ఎగరలేక, తిన్న బరువుకు నాలుగడుగులు ఉరికి మళ్లీ ఆగేవి. మా తాత తిట్టేవాడు, "వాటి జోలికి పోకుర్రి, ఊరును కడిగేటివి అవ్వే" అని.

ఆ రాబందులు ఇప్పుడేవి? మీ పిల్లలు ఒక్కసారైనా చూసినారా?

మన భాష కూడా వాటికి న్యాయం చెయ్యలేదు. అధిక వడ్డీ పిండేవాణ్ణి రాబందు అంటాం, లంచం తినేవాణ్ణి రాబందు అంటాం. లేపాక్షిలో రాముడు "లే, పక్షీ" అన్నాడని చెప్పుకుని జటాయువుకు దండం పెట్టేదీ మనమే. సరే, అసలు సంగతికి వస్తా.

రాబందులు కనబడకుండా పోయినప్పుడు మనం ఏవేవో అనుకున్నాం. సెల్ టవర్లన్నారు. పురుగుమందులన్నారు. ఎండలు పెరిగినయన్నారు. "కలికాలం, పక్షులు కూడా పోతున్నయి" అని మా అమ్మ అనేది. అసలు కారణం మన పశువుల కొట్టంలో ఉందని, మనమే డబ్బులిచ్చి సూది వేయించుకున్న మందులో ఉందని ఎవరమూ అనుకోలేదు. ఆ సంగతి బయటపెట్టినాయన పేరు లిండ్సే ఓక్స్. అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పశువైద్య కాలేజీలో ప్రొఫెసర్. 2011 జనవరిలో చనిపోయాడు, యాభై ఏళ్ల వయసులోనే. మన దేశంలో పశువులున్న ప్రతి రైతుకూ తెలియాల్సిన పేరని నా అభిప్రాయం. మనలో నూటికి తొంభై తొమ్మిది మంది విని ఉండరు. నేనూ ఈ మధ్యనే తెలుసుకున్నా.

ఆయన సూక్ష్మజీవుల మీద పనిచేసే పశువుల డాక్టరు. పుల్‌మన్ అనే ఊళ్లో యూనివర్సిటీ వాళ్ల వ్యాధి నిర్ధారణ ల్యాబ్ ఉంది. చుట్టుపక్కల రైతులు, డాక్టర్లు జబ్బుపడ్డ, చచ్చిన జంతువుల నమూనాలు అక్కడికి పంపుతారు, వీళ్లు పరీక్ష చేసి కారణం చెబుతారు. గుర్రాలకు వచ్చే రక్తహీనత వైరస్ మీద ఆయన పరిశోధనలు చేసినాడు. దాంతోపాటు డేగల్ని పెంచి వేట నేర్పించే అలవాటు ఉన్న మనిషి. పక్షుల మీద ఆ ఇష్టమే ఆయన్ని మన వైపు తెచ్చింది.

ఇక్కడ జరిగింది చూడండి. రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల పార్కు ఉంది కదా. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ గారు అక్కడ 1980ల్లో రాబందుల్ని లెక్కపెట్టినాడు. పదేళ్ల తర్వాత మళ్లీ లెక్కపెడితే గుండె గుభేలుమంది. చెట్ల మీద మెడలు వేలాడేసి కూర్చుని ఉన్నయి, కింద చచ్చి పడి ఉన్నయి, గూళ్లు ఖాళీ. తర్వాత దేశమంతా తిరిగి లెక్కలు వేస్తే, తెల్లవీపు రాబందు 1992 నుంచి 2007 లోపల వెయ్యికి ఒకటి మిగిలింది. పులికి కూడా ఇంత వేగంగా అట్లాంటి గతి పట్టలేదు.

ఏదో కొత్త వైరస్ అని చాలామంది సైంటిస్టులు అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు, అంత తొందరగా అన్ని దేశాల్లో చచ్చిపోతున్నయంటే అంటువ్యాధే అనిపిస్తది. 2000లో పెరెగ్రిన్ ఫండ్ అనే సంస్థ తరఫున ఓక్స్ బృందం పాకిస్తాన్ పంజాబ్‌లో పని మొదలుపెట్టింది. చంగా మంగా లాంటి తోటల్లో రాబందుల గూళ్లు ఇంకా ఉన్నయి. చచ్చిన పక్షిని వెంటనే పట్టుకోవాలి, ఆ ఎండలకు కొన్ని గంటల్లోనే కుళ్లిపోయి పరీక్షకు పనికిరాకుండా పోతది. దొరికినవాటిని దొరికినట్టు కోసి చూసినారు.

లోపల ఏం కనబడిందంటే గుండె మీద, కాలేయం మీద, మూత్రపిండాల మీద సున్నం పూసినట్టు తెల్లటి ముద్ద. మనుషుల్లో కీళ్లవాతం వచ్చినోళ్లకు యూరిక్ యాసిడ్ పెరిగిందంటారు చూడండి, అదే. పక్షులు తమ వ్యర్థాన్ని ఆ రూపంలోనే బయటికి పంపుతాయి. మూత్రపిండాలు పనిచెయ్యకపోతే అది ఒళ్లంతా పేరుకుపోతది. చచ్చిన పక్షుల్లో ఎక్కువ భాగానికి ఇదే లక్షణం.

మరి మూత్రపిండాలు ఎందుకు చెడిపోయినయి? వైరస్ కోసం వెతికినారు, లేదు. బ్యాక్టీరియా, లేదు. పాదరసం, కాడ్మియం లాంటి లోహాలు, లేవు. పురుగుమందులు, లేవు. రోజులు గడుస్తున్నయి, పక్షులు చస్తున్నయి, చేతిలో ఏమీ లేదు. ఇక్కడే ఆ డాక్టరు మన రైతు బుర్రతో ఆలోచించినాడనిపిస్తది నాకు. రాబందు తినేది ఒక్కటే, చచ్చిన గొడ్డు. కాబట్టి గొడ్డులో ఏం మారిందో చూడాలి. మూత్రపిండాలను దెబ్బతీసే మందు ఏదైనా కొత్తగా పశువులకు వాడుతున్నారా? ఆయన బృందం పశువుల డాక్టర్లను, మందుల షాపులోళ్లను అడిగింది. ఒకే పేరు వచ్చింది, డైక్లోఫెనాక్.

మనకు నొప్పుల గోళీగా తెలిసిన మందే. పశువులకు జ్వరం వస్తే, కాలు కుంటితే, పొదుగు వాచితే, ఎద్దు దుక్కిలో అలిసిపోతే వేసే సూది. 1990ల మధ్య నుంచి చవగ్గా దొరకడం మొదలైంది. చవక, తొందరగా పనిచేస్తది, ఇంకేం కావాలి మనకు?

అప్పుడు నిల్వ చేసిన మూత్రపిండాల్లో ఆ మందు కోసం వెతికినారు. యూరిక్ యాసిడ్ పేరుకుని చచ్చిన 25 రాబందుల్లో 25లోనూ మందు దొరికింది. వేరే కారణాలతో చచ్చిన 13 రాబందుల్లో ఒక్కదాంట్లోనూ లేదు. అంతటితో ఆగలేదు. మళ్లీ అడవిలోకి వదల్లేని స్థితిలో ఉన్న కొన్ని రాబందులకు ఆ మందు ఇచ్చి చూసినారు, మందు వేసిన బర్రె మాంసం, మేక మాంసం పెట్టి చూసినారు. అదే తెల్లటి ముద్ద, అదే చావు. 2003 మే నెలలో బుడాపెస్ట్‌లో జరిగిన సభలో ఈ సంగతి చెప్పినారు, 2004లో నేచర్ పత్రికలో వచ్చింది. అప్పటిదాకా అడవి పక్షులు ఒక పశువుల మందు వల్ల ఇంత పెద్ద ఎత్తున తుడిచిపెట్టుకుపోవడం ఎవరూ చూడలేదు.

మీలో కొందరికి ఒక అనుమానం వస్తది, నాకూ వచ్చింది. మనం రోజూ అన్ని గొడ్లకూ సూదులు వేయిస్తామా? పైగా రెండు మూడు రోజులు పోతే మందు గొడ్డు ఒంట్లోంచి దాదాపు బయటికి పోతది. మరి అన్ని రాబందులు ఎట్లా చస్తాయి? లెక్క కట్టినోళ్లు ఏం చెప్పినారంటే, వెయ్యి కళేబరాల్లో ఏడెనిమిదింటిలో మందు ఉన్నా చాలు, ఇంత నాశనం జరుగుతది. ఎందుకంటే రాబందు ఒంటరిగా తినదు. ఒక్క గొడ్డు మీద గుంపంతా వాలుతది. ఒక్క విషపు గొడ్డుకు గుంపు గుంపే పోతది. పెట్టేదేమో ఏడాదికి ఒక్క గుడ్డు. ఇంకో సంగతి, మనం సూది ఏ గొడ్డుకు వేయిస్తాం? ఆరోగ్యంగా ఉన్నదానికి కాదు కదా. చావుబతుకుల్లో ఉన్నదానికే ఆఖరి ప్రయత్నంగా వేయిస్తాం. గురక వ్యాధికి నొప్పి సూది పనిచెయ్యదు, జ్వరం దిగినట్టు కనిపిస్తది, తెల్లారేసరికి గొడ్డు పోతది. ఆ గొడ్డునే తీసుకెళ్లి ఊరి బయట పడేస్తాం.

నేనూ వేయించినా. దాచుకోవడానికి ఏముంది? నాగలి పోటు తగిలి కుంటిన మా ఎద్దుకు, జ్వరమొచ్చిన బర్రెకు, ఎన్నిసార్లో లెక్కలేదు. మాకు సూది వేసే అతను సంచిలో ముప్పై మిల్లీల సీసా పెట్టుకుని తిరిగేవాడు, మనుషులకు వాడే సీసానే. ఒక సీసాతో నాలుగు ఇళ్లు తిరిగేవాడు. అతనికీ తెలియదు, నాకూ తెలియదు. అందుకే రాబందుల్ని రైతులు చంపినారు అని ఎవరైనా రాస్తే నాకు కోపమొస్తది. మాకు ఎవరు చెప్పినారు? మందు తయారుచేసేటప్పుడు, ఆ గొడ్డు చస్తే దాన్ని తినే పక్షి ఏమైతదని ఏ దశలోనైనా ఎవరైనా అడిగినారా? అడిగి ఉంటే ఓక్స్ లాంటోళ్లు ఇన్నేళ్ల తర్వాత శవాలు కోసి చూడాల్సిన పని ఉండేది కాదు. కానీ అప్పుడు తెలియక వేయించినాం. ఇప్పుడు తెలిసి వేయిస్తే అది వేరే లెక్క.

2006లో మన ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ తయారీ ఆపించింది. అయినా మనుషుల పేరుతో వచ్చే పెద్ద సీసాలు పశువులకు వాడుతూనే ఉన్నారు. అందుకే 2015లో మనుషుల సూది మందును కూడా మూడు మిల్లీల ఒక్క డోసు సీసాలోనే అమ్మాలని రూలు పెట్టినారు. బర్రెకు వెయ్యాలంటే ఎన్నో సీసాలు పగలగొట్టాలి, ఖర్చు ఎక్కువైతది, మానేస్తారని. తర్వాత తేలింది ఏమిటంటే అదే పని చేసే వేరే మందులు కూడా రాబందులకు విషమే. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి పోయినాక డైక్లోఫెనాక్‌గానే మారుతది, పేరు మారింది తప్ప విషం మారలేదు. దాన్నీ కీటోప్రోఫెన్‌నూ 2023లో, నిమెసులైడ్‌ను 2024 చివర్లో పశువులకు వాడకుండా నిషేధించినారు. మీ కొట్టంలో గూట్లో పాత సీసాలుంటే ఒకసారి పేర్లు చదవండి.

మరి గొడ్డుకు నొప్పి వస్తే ఏం చెయ్యాలి, చూస్తూ ఊరుకోవాలా అంటారు. ఊరుకోవద్దు. మెలోక్సికామ్ ఉంది. దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా యూనివర్సిటీ పశువైద్య ప్రొఫెసర్ గెర్రీ స్వాన్ బృందం 2006లో రాబందుల మీద పరీక్ష చేసి, దానివల్ల ప్రమాదం లేదని చూపించింది. టోల్ఫెనమిక్ యాసిడ్ కూడా రాబందులకు ఇబ్బంది లేనిదిగా తర్వాత తేలింది. "అది పని చెయ్యదు, పాతదే వెయ్యి" అని మనలోనే కొందరు డాక్టరు మీద ఒత్తిడి తెస్తారు. నేను రెండూ చూసినా. పాత సూది వేసిన గంటకు గొడ్డు లేచి నిలబడ్డట్టు అనిపిస్తది, నిజమే. కొత్తది కొంచెం నిదానం, కానీ ఎక్కువసేపు ఉంటది. ఎంత వెయ్యాలో డాక్టరే చెప్పాలి, నన్ను అడగొద్దు.

"పక్షులు పోతే పోయినయి, మా అప్పుల సంగతి చూడన్నా" అని ఒకాయన నాతో అన్నాడు. అతని బాధ నాకు తెలుసు. కానీ ఇది పక్షుల మీద ప్రేమ ఉన్నోళ్ల ముచ్చట మాత్రమే కాదు. రాబందులు పోయినాక చచ్చిన గొడ్లను ఎవరు తింటున్నారు? కుక్కలు. మా ఊరి చెరువు కట్ట వెనకాల కళేబరాలు పడేసే చోట ఎప్పుడు చూసినా పదిహేను, ఇరవై కుక్కల గుంపు ఉంటది. అవి మాంసానికి అలవాటు పడ్డయి. గొడ్డు దొరకని రోజు గొర్రెపిల్లల మీద పడుతున్నయి. రాత్రి మోటారు పెట్టడానికి పోవాలంటే చేతిలో కర్ర లేకుండా పోలేకపోతున్నా. రాబందు కడుపులో యాసిడ్ ఎంత ఘాటంటే, కుళ్లిన మాంసంలోని చాలా రకాల రోగక్రిములు అక్కడే చస్తాయి. కుక్క రోగాన్ని చంపదు, ఊళ్లోకి మోసుకొస్తది.

అనంత్ సుదర్శన్, ఇయాల్ ఫ్రాంక్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు కట్టి 2024లో బయటపెట్టినారు. రాబందులు ఎక్కువగా ఉండి పోయిన జిల్లాలను, మొదటి నుంచీ తక్కువగా ఉన్న జిల్లాలతో పోల్చినారు. రాబందులు పోయిన జిల్లాల్లో మనుషుల చావులు నాలుగు శాతానికి పైగా పెరిగినయి. 2000 నుంచి 2005 దాకా ఐదారేళ్లలోనే దాదాపు ఐదు లక్షల మంది అదనంగా చనిపోయినారని వాళ్ల అంచనా. కుక్కలు పెరగడం, రేబిస్ టీకాల అమ్మకం పెరగడం, నీళ్లు చెడిపోవడం కూడా చూపించినారు. ఇది అంచనా మాత్రమే, ఒక్కో మనిషినీ లెక్కపెట్టింది కాదు. అందులో సగం నిజమైనా చాలు కదా. ఆ చచ్చినోళ్లు ఎవరై ఉంటారో ఆలోచించండి. పట్నంలో ఏసీ గదిలో ఉన్నోళ్లు కాదు. పొలం గట్ల మీద తిరిగే మనం, బడికి నడిచిపోయే మన పిల్లలు.

(కుక్క కరిస్తే పసరు, మిరపపొడి, సున్నం పెట్టకండి. పావుగంట సబ్బుతో ధారగా నీళ్లు పోసి కడిగి, అదే రోజు ప్రభుత్వ దవాఖానకు పోయి టీకా మొదలుపెట్టండి, చెప్పిన తేదీల్లో అన్నీ వేయించుకోండి. రేబిస్ లక్షణాలు మొదలైనాక బతికేది దాదాపు లేదు.)

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. మన గొడ్డు చస్తే పోస్టుమార్టం ఎప్పుడు చేయిస్తాం? ఇన్సూరెన్స్ ఉంటేనే. చెవి పోగు కోసి పెట్టుకుంటాం, ఫొటోలు తీస్తాం, డాక్టరు సంతకం పెడతాడు, కాగితంలో ఏం రాసినాడో కూడా మనం చదవం, డబ్బులు వస్తే చాలు. ఇన్సూరెన్స్ లేకపోతే అసలు సార్‌కు ఫోనే చెయ్యం. "చచ్చింది ఎట్లాగూ చచ్చింది, ఇంక ఆయనొచ్చి ఏం చేస్తడు" అంటాం. రెండు రోజులకు పక్కింటోళ్ల గొడ్డు చస్తది. వారానికి ఇంకో రెండు. అప్పుడు దిష్టి తగిలిందంటాం, పోచమ్మకు కోడిని కోస్తాం.

లిండ్సే ఓక్స్ చేసిన పనంతా చచ్చిన ఒంటి నుంచే మొదలైంది. ఆ ల్యాబ్‌లో ఆయన రోజూ చేసింది అదే, అందుకే అంత పెద్ద చిక్కుముడి ఆయన చేతిలో విడిపోయింది. మన రాజేంద్రనగర్‌లో పశువైద్య యూనివర్సిటీ ఉంది, తిరుపతిలో ఉంది. అక్కడ చదివినోళ్లలో తెలివికి కొదవలేదు. కానీ ఊళ్లో చచ్చిన గొడ్డుకూ ఆ ల్యాబ్‌కూ మధ్య దారి ఉండాలి. నమూనా తీసే మనిషి, ఐసు పెట్టె, సమయానికి బండి, పది రోజుల్లో ఫోన్లో జవాబు. కొత్త కాలేజీ భవనం కంటే ఇది మనకు ఎక్కువ అక్కరకొస్తదని నేను అంటా. ఎలక్షన్ల ముందు గొర్రెలు పంచుతామనే నాయకుల్ని ఇది అడగండి.

అడిగేది అడుగుదాం, మన వైపు నుంచి కూడా ఫోన్ చెయ్యాలి. ఒక్క జాగ్రత్త: గొడ్డు ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచి, వెనక నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దాన్ని ఎవరూ కొయ్యొద్దు, తోలు తియ్యొద్దు, ముట్టుకోవద్దు. అది దొమ్మ రోగం కావచ్చు, మనుషులకు కూడా వస్తది. డాక్టరుకు చెప్పి ఆయన చెప్పినట్టు లోతుగా సున్నం వేసి పూడ్చాలి.

రాబందులు పూర్తిగా పోలేదు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవుల్లో పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నట్టు 2013లో అటవీశాఖ వాళ్లు చూసినారు. హైదరాబాద్ జూ పార్కులో పిల్లల్ని పొదిగించే కేంద్రం కూడా పెట్టినారు. బోన్లో పెంచినవాటిని రేపు బయటికి వదిలితే అవి ఎక్కడికి పోతాయి? మన గొడ్ల మీదికే. రోజుకు వంద కిలోమీటర్లు సులువుగా తిరిగే పక్షికి మీ ఊరు, మా ఊరు అని హద్దు లేదు. ఆ ఒక్క రోజు మనలో ఒక్కడు పాత సీసా వాడితే మళ్లీ మొదటికి వస్తది.

నేను ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, డాక్టరు సార్ చీటీ రాస్తే మందు పేరు చదువుతా. షాపులో "ఇది లేదు, అదే పని చేసేది ఇంకోటి ఇస్తా" అంటే పేరు అడుగుతా. తెలియని పేరైతే సార్‌కు ఫోన్ చేసినాకే తీసుకుంటా. షాపాయన మొదట్లో విసుక్కునేవాడు, ఇప్పుడు నన్ను చూడగానే మెలోక్సికామ్ తీసి బల్ల మీద పెడతాడు. ఇక మా పంచాయతీలో ఒక తీర్మానం కోసం ముగ్గురం తిరుగుతున్నాం: చచ్చిన గొడ్డును చెరువు వెనక పడెయ్యకుండా, గుంత తీసి పూడ్చడానికి జేసీబీ డీజిల్ ఖర్చు పంచాయతీ పెట్టుకోవాలని. వచ్చే గ్రామసభలో అడుగుతున్నాం. మీ ఊళ్లో ఇప్పటికే ఇట్లాంటి ఏర్పాటు ఉంటే ఎట్లా చేసుకున్నారో, డబ్బులు ఏ పద్దులోంచి తీసినారో నాకు ఫోన్ చేసి చెప్పండి. సెక్రెటరీ గారు అదే అడుగుతున్నారు.